ఎండ, మూడు కాటాలు

మార్చి 4, మంగళవారం.
పొద్దున మంచు, తొమ్మిది తర్వాత ఎండ. మార్కెట్టు వాళ్ళ పెద్ద కాటా విప్పి, దుమ్ము తుడిచి, నూనె వేసి బిగించాను. ముల్లు సున్నా మీద నిలబడింది.

చెల్లాయికి,

పుస్తకంలో పేజీ చింపి పంపడం కాకుండా ఉత్తరంలా రాయడం ఇదే మొదటిసారి. తప్పులుంటే సర్దుకో.

కొత్త చట్టం సంగతి మీ రేడియోలో కూడా వచ్చే ఉంటుంది. సరిహద్దు భద్రత, వలసల సంస్కరణ అని పెద్ద పేరు. నిన్న సభలో నెగ్గింది. మా యజమాని పేపరు నా బల్ల మీద పడేసి, "చదువుకో, ఇందులో నువ్వున్నావు" అన్నాడు. రెండుసార్లు చదివాను. మొదటి సగం కంచె గురించి. గడువు వేసి ఇచ్చే చీటీ మీద సరిహద్దు గేటు దాటే పాత పద్ధతి ఈ ఏడాదితో సరి. రెండో సగం నాలాంటి వాళ్ళ గురించి. చీటీ గడువు తీరిపోయినా ఇక్కడే పని చేసుకుంటున్నవాళ్ళు, పదేళ్ళు ఒక్కసారి కూడా దేశం దాటలేదని రుజువు చూపిస్తే నివాస కార్డు ఇస్తారు. మధ్యలో ఒక్కరోజు దాటినా లెక్క మళ్ళీ ఆ రోజు నుంచే మొదలు. దరఖాస్తుకు గడువు జూలై ఆఖరు.

నేను వచ్చి పదకొండేళ్ళు. గది అద్దెకు రసీదు లేదు. దుకాణంలో నా పేరు ఏ కాగితం మీదా లేదు. నా దగ్గరున్న రుజువు రోజూ రాసుకునే పుస్తకం ఒక్కటే. నాలుగేళ్ళ కిందట నీకు పంపిన కవరు ఒకటి దారిలో పోయింది గుర్తుందా, అప్పటి నుంచి కార్బన్ పెట్టి రాస్తున్నాను. కాబట్టి ఈ నాలుగేళ్ళవీ ఇక్కడున్నాయి. అంతకు ముందు ఏడేళ్ళ పేజీలు నీ దగ్గరున్నాయి. అన్నీ పంపు. ఒక్కటి కూడా వదలకు.

ఫోను చెయ్యమంటావు. నా పేర సిమ్ము ఇవ్వరు. యజమాని ఫోనులో, గిరాకీల ముందు మాట్లాడటం నా వల్ల కాదు.

బావగారిని, చిట్టిని అడిగానని చెప్పు.

నీ అన్న

*

మార్చి 19

అన్నయ్యకి,

కవరు లావుగా ఉంటే ఏమిటో అనుకున్నాను. విప్పి చూస్తే నిండు వాక్యాలు. మీ బావగారికి చదివి వినిపించాను. "మీ అన్న రాశాడా, ఎవరిచేతైనా రాయించాడా?" అన్నారు. నీ అక్షరమే అని చూపించాక గానీ నమ్మలేదు.

ఇక్కడ అందరం బాగున్నాం. చిట్టికి ముందు పన్ను ఊడింది, ఆ సందులోంచి ఈల వేస్తోంది. కుట్టుమెషీను బెల్టు తెగితే రెండు రోజులు పని ఆగిపోయింది. స్కూలు యూనిఫారాల రోజులు, నిలబడి నీళ్ళు తాగడానికి కూడా తీరిక లేదు. మా తోటికోడలితో మాటల్లేక ఏడాది దాటింది కదా, ఇప్పుడు వాకిలి మధ్యలో రేకు కూడా కట్టించింది. మా దండెం కొస ఆమె వైపు గోడకి ఉండేది. ఆ మేకు పీకి ఇటు పడేసింది. మీ వాళ్ళ కంచె గురించి రేడియోలో వచ్చినప్పుడల్లా మీ బావగారు, "మన ఇంట్లో చట్టం ముందే అమల్లోకి వచ్చింది" అంటున్నారు.

ఇక్కడ ఎవరి నోట విన్నా ఒకటే మాట. గేటు బిగించేస్తున్నారు, రావలసినవాళ్ళు ఏడాదిలోపు వచ్చెయ్యాలి. పక్కవీధి తాపీమేస్త్రి కొడుకు సామానంతా అమ్ముకుని మొన్ననే వచ్చేశాడు. నువ్వు కూడా అదే రాశావేమో అని గబగబా చదివాను. నువ్వేమో కార్డు అంటున్నావు. అక్కడే ఉండిపోదామని తేల్చుకున్నావన్నమాట. నా పెళ్ళికి రాలేదు. చిట్టి పుడితే రాలేదు. ఇప్పుడు పంపిన కాగితాలు కూడా వెనక్కి ఇచ్చెయ్యమంటున్నావు.

కాగితాల సంగతి చూస్తాను. ఎక్కడో సర్దిపెట్టాను.

నీ చెల్లెలు

*

ఏప్రిల్ 2, బుధవారం.
ఎండ. రెండు కాటాలు, ఒక తపాలా తక్కెడ.

చెల్లాయికి,

కార్డు ఇక్కడ ఉండిపోవడానికి కాదు. ఉండటం పదకొండేళ్ళుగా ఉంటూనే ఉన్నాను, కార్డు లేకుండానే. కార్డు ఉంటే గేటు దాటి వచ్చి, మళ్ళీ గేటు దాటి పనిలోకి వెళ్ళొచ్చు. అది రావడానికి. ముందు ఉత్తరంలో ఈ ముక్క రాయవలసింది. నీకు తెలుస్తుందనుకున్నాను.

నీ కాగితాలు వెనక్కి తీసుకుంటున్నానని అనుకోకు. పని అయ్యాక మళ్ళీ నీకే పంపుతాను.

ఇక్కడ గ్రంథాలయంలో ఒక బల్ల దగ్గర రిటైరైన టీచరమ్మ కూర్చుని ఊరికే దరఖాస్తులు నింపిపెడుతోంది. నా నాలుగేళ్ళ పుస్తకాలు చూసింది. "ప్రతి ఒక్కరూ నా దగ్గరేమీ లేదమ్మా అంటూ వస్తారు. మీరేమిటండీ, వానలతో సహా తెచ్చారు" అంది. ఏడేళ్ళవి ఎప్పుడొస్తాయని అడిగింది. చెల్లెలు భద్రంగా దాచి ఉంచింది, ఈ నెలలో వస్తాయని చెప్పాను.

నీ అన్న

*

ఏప్రిల్ 17

అన్నయ్యకి,

ఈ ఉత్తరం నాలుగుసార్లు మొదలుపెట్టి చింపాను. మీ బావగారు, "చెప్పెయ్, ఆయన చేతిలో కత్తెరేం లేదు, ఉన్నది నీ చేతిలోనే" అన్నారు. చెప్పేస్తున్నాను.

నీ కాగితాలు భద్రంగా లేవు. కొన్ని ఉన్నాయి. మిగతావి కత్తిరించాను.

నేను కుట్టుపని మొదలుపెట్టినప్పుడు కటింగుకి కాగితం కావాలి కదా. ఒక కొలత కాగితం మీద గీసి, కత్తిరించి, ఆ ముక్క బట్ట మీద పెట్టి బట్ట కోస్తాం. న్యూసుపేపరు రెండుసార్లకే నలిగిపోతుంది. నీ పేజీలు మందం. పైగా లెక్కల పుస్తకం గళ్ళు, స్కేలు పెట్టకుండానే గీత నిటారుగా వస్తుంది. ఒక పేజీ తీశాను. తర్వాత ఇంకొకటి. చొక్కా చేతులు, జేబులు, గౌను కాలర్లు. ఏడేళ్ళ నీ రాత మా ఊళ్ళో సగం మంది ఒంటి మీది బట్టలకి కొలతయింది.

కోపం తెచ్చుకో, తప్పులేదు. కానీ ఒక్క మాట అననీ. నెలకోసారి నీ కవరు వస్తే ముందు ఆత్రంగా విప్పేదాన్ని. లోపల ఏముంటుంది? "ఎండ. మూడు కాటాలు." "మబ్బు. రెండు కాటాలు, ఒక స్ప్రింగు మార్చాను." చెల్లీ ఎలా ఉన్నావని ఒక్క ముక్క లేదు. పెళ్ళికి నీ కోసం ముందు వరసలో కుర్చీ వేయించాను. ఎవరు కూర్చోబోయినా బాబాయి లేపేవాడు. సాయంత్రం దాకా అది ఖాళీగానే ఉంది. ఆ తర్వాత వచ్చిన కవర్లు నేను చదవలేదు అన్నయ్యా. విప్పి, కొలత చూసి, గీసి, కత్తిరించాను.

టీచరమ్మకి ఏం చెప్తావో నాకు తెలియదు.

చెల్లెలు

*

ఏప్రిల్ 29, మంగళవారం.
రెండు జల్లులు పడి ఆగాయి. పని ఉంది గానీ చెయ్యి ఆడలేదు. తూకంరాళ్ళు తుడిచి పెట్టెలో పెట్టాను.

చెల్లాయికి,

కోపం లేదు. మందం కాగితం అని నేనే ఏరి కొన్నాను. పనికొచ్చింది.

కత్తిరించిన ముక్కలు పారేశావా, ఉన్నాయా? ఉంటే అన్నీ పోగుచెయ్యి. కత్తిరించగా మిగిలిన అంచులు కూడా. ప్రతి పేజీకి పైన అచ్చువేసిన నంబరు ఉంటుంది, పేజీకి ఒక వారం. వరసలో పెట్టు. జిగురు రాయకు, సిరా కదులుతుంది.

టీచరమ్మకి నిజమే చెప్పాను. ఆమె కళ్ళజోడు తీసి నవ్వింది. "మా చెల్లెలైతే పొయ్యిలో పెట్టేది" అంది.

పెళ్ళి సంగతి ఇప్పుడెందుకు. ఆ వారం పేజీలో రాసే ఉంది కదా.

నీ అన్న

*

మే 18, ఆదివారం

అన్నయ్యకి,

పది రోజులుగా మా ఇంట్లో నడవడానికి చోటు లేదు. మంచం మీద, మెషీను మీద, నేల మీద నువ్వే. చిట్టి ముక్కలు ఏరి నంబర్లు చదువుతుంది. మీ బావగారు వరసలో పెడతారు. నేను పాత దుప్పటి గుడ్డ చదరాలుగా కోసి, ఒక్కో పేజీ ముక్కలు దాని మీద పేర్చి, అంచుల వెంబడి మెషీను కుట్టు వేస్తున్నాను. నువ్వు ఒకవైపే రాశావు కాబట్టి బతికిపోయాం. ఎవరికైనా కొలత ముక్క అరువిస్తే అడిగి తెచ్చాను. మొత్తం మూడు వందల డెబ్బై చిల్లర పేజీలు. సగానికి పైగా కత్తెర పడనివే. మిగతావన్నీ దొరికాయి, ఒక్క ముక్క తప్ప.

కుడుతూ చదివాను. ఇష్టం ఉండి కాదు, వరస తప్పకూడదని. మొదట నాకు నవ్వొచ్చింది. తర్వాత తెలిసింది. "పని లేదు" అని నాలుగు రోజులు వరసగా ఉంటే, అయిదో రోజు "లేచాను" అని ఉంది. జ్వరమా? అమ్మ పోయిన తేదీకి ప్రతి ఏడాదీ "ఒక కాటా" అనే ఉంది. మిగతా రోజుల్లో మూడూ నాలుగూ. చిట్టి పుట్టిన వారంలో, నేను కార్డు రాశాను కదా, ఆ రోజు "పాప. మూడు కిలోల నూటయాభై గ్రాములు. మన కాటా మీద పెట్టి అంత బరువు రాళ్ళు ఎత్తి చూశాను" అని ఉంది. అది నేను మగపిల్లల నిక్కరు జేబుకి కత్తిరించాను.

జూన్ పదకొండు ఆదివారం. నా పెళ్ళి రోజు. పేజీలో అన్నింటికన్నా కింద ఉంది. ఇలా ఉంది: "ఎండ. తెల్లవారుజామున బస్సు. తొమ్మిదికి గేటు దగ్గర దిగాను. చెల్లాయి పెళ్ళి. లైనులో నిలబడ్డాను. నా వంతు వచ్చేసరికి".

అంతే. అక్కడ కాలరు వంపు. మిగతాది లేదు. అది చిట్టికి కుట్టిన మొదటి గౌను కాలరు ముక్క. ఇల్లంతా వెతికాను.

నువ్వు గేటు దాకా వచ్చావా? నా వంతు వచ్చేసరికి ఏమైంది?

చెల్లాయి

*

మే 31, శనివారం.
ఉక్క. లారీలు తూచే కాటా కింద గోతిలో దిగి మధ్యాహ్నం దాకా బురద తీశాను.

చెల్లాయికి,

ఇన్నాళ్ళూ నువ్వు ఆ పేజీ చదివావనుకున్నాను. చదివి ఏమీ రాయలేదంటే, రాయకపోవడమే నీ జవాబు అనుకున్నాను. అందుకే నేనూ మళ్ళీ ఎత్తలేదు.

ఆ రోజు జరిగింది ఇంతే. లైనులో నా ముందు ఒక ముసలాయన, కోళ్ళ గంప. నా వంతు వచ్చింది. గేటు దగ్గరి మనిషి చీటీ చూసి, "దీని గడువు తీరి రెండున్నరేళ్ళయింది. వెళ్తే వెళ్ళు, ఆపను. తిరిగి రావడం మాత్రం ఉండదు" అన్నాడు. మర్యాదగానే అన్నాడు. నా వెనక వాళ్ళు తొయ్యడం మొదలుపెట్టారు. కంచెలోంచి మీ వైపు రోడ్డు కనిపిస్తోంది, పెళ్ళి ఊరి పేరు రాసిన బస్సు కూడా ఆగి ఉంది. నేర్చుకున్న పని ఒక్కటే, అది ఇక్కడ. అటు వస్తే కొత్తగా పెళ్ళయిన చెల్లెలి ఇంట్లో అరుగు మీద కూర్చునే అన్నను అవుతాను. పక్కకి తప్పుకున్నాను. మధ్యాహ్నం బస్సుకి వచ్చేశాను. సాయంత్రం ఊళ్ళో గాలి దుమారం. షట్టరు రేకు లేచిపోతే మేకులు కొట్టాను. ఆ రోజు సరిగ్గానే తూచాను అనుకున్నాను. ఇప్పుడు అంత గట్టిగా చెప్పలేను.

ఇక దరఖాస్తు సంగతి. అందులో ఒక ప్రశ్న ఉంది: ఈ పదేళ్ళలో ఎప్పుడైనా సరిహద్దు గేటు దగ్గరికి వెళ్ళారా? టీచరమ్మ, "లేదని రాయండి, ఆ ఒక్క పేజీ పక్కన పెట్టెయ్యండి. సగం పేజీ చూపిస్తే, లైనులో నిలబడ్డాడు, దాటాడు, తర్వాత ఎలాగో వచ్చాడు అంటారు. దాటినట్టు లెక్కేస్తే మీకు ఎనిమిదేళ్ళే. పది కాదు" అంది. నేను వెళ్ళానని రాశాను. వెళ్ళాను కదా. ఆమె కలం పెట్టేసి, "ఇంత మాట్లాడని మనిషి మాట్లాడిన ఒక్క మాటా ఇదా" అంది.

కాబట్టి ఆ కాలరు ముక్క కావాలి. అది లేకుండా మిగతా మూడు వందల డెబ్బై ఉన్నా ఒకటే. మళ్ళీ రాసి ఇవ్వొచ్చు కదా అని యజమాని అన్నాడు. అప్పటి సిరా ఇప్పుడెక్కడిది. ఉన్నా రాయను.

నాలుగు రోజులది జ్వరమే. తగ్గింది.

నీ అన్న

*

జూన్ 20

అన్నయ్యకి,

దొరికింది. ముందు ఆ మాట చదివి ఊపిరి తీసుకో, తర్వాత మిగతాది చదువు.

నీ ఉత్తరం వచ్చిన రోజు నేను మెషీను ముందు కూర్చుని ఒక్క కుట్టు కూడా వెయ్యలేదు. ఎనిమిదేళ్ళు ఆ కుర్చీని చూపించి నిన్ను తిట్టాను. నువ్వేమో కంచె పట్టుకుని మా బస్సు చూస్తూ నిలబడ్డావు. చెప్పొచ్చు కదా అందామనుకున్నాను. చెప్పావు, నేనే కత్తిరించాను.

అప్పుడు గుర్తొచ్చింది. చిట్టి గౌను చూసి మా తోటికోడలు తన అన్న కూతురికి కుడతానని పిల్లల కొలతల కట్ట అడిగి పట్టుకెళ్ళింది. తర్వాత మాటలు పోయాయి. కట్ట అటే ఉండిపోయింది. అంటే నీ కార్డు రేకుకి అవతల ఉంది.

మీ బావగారిని వెళ్ళమన్నాను. "మీ ఆడవాళ్ళ సరిహద్దు, నా దగ్గర చీటీ లేదు" అన్నారు. రెండు రోజులు ఆగాను. మూడో రోజు చుట్టూ తిరిగి వీధి గుమ్మంలోంచి వెళ్ళాను. నన్ను చూసి ఆమె చేతిలో చేట అలాగే పట్టుకుని నిలబడింది.

"ఏం, దారి తప్పావా?" అంది.

"పిల్లల కొలతల కట్ట కావాలక్కా" అన్నాను.

"ఏడాది పైన మాట లేదు, మంచి లేదు, కాగితం ముక్కలకి అక్కనయ్యానా?"

చెప్పాను. చట్టం, కార్డు, నా పెళ్ళి, లైను, అంతా అక్కడే గుమ్మంలో నిలబడి చెప్పాను. ఆమె వింటూ వింటూ చేట కింద పెట్టింది. లోపలికి వెళ్ళి బిస్కెట్ల డబ్బా తెచ్చి నేల మీద బోర్లించింది. అన్నీ న్యూసుపేపరు ముక్కలు, నీ కాలరు ముక్క ఒక్కటే అడుగున ఉంది. ఆమె అది ఎత్తి, వెలుతురుకి పెట్టి, గట్టిగా చదివింది: "పక్కకి తప్పుకున్నాను. మధ్యాహ్నం బస్సు. ఊళ్ళో గాలి దుమారం. షట్టరు రేకు లేచింది, మేకులు కొట్టాను." చదివి, "ఇంతేనా? ఏడిచానని కూడా రాయలేదేం?" అంది. "మా అన్నయ్య అంతే" అన్నాను. "మీ అన్నాచెల్లెళ్ళిద్దరూ అంతే" అంది.

ఆ పేజీ ఆమే కుట్టింది. నా కుట్టు కన్నా సన్నగా వేసింది, ఒప్పుకోక తప్పదు.

అన్నీ నంబర్ల వరసన కట్టి, రిజిస్టరు పోస్టు చేశాను. పోస్టాఫీసు కాటా ముల్లు ఖాళీగా ఉన్నప్పుడే సున్నా దాటి నిలబడి ఉంది. గుమాస్తాతో, "మా అన్నయ్య చూస్తే ఊరుకోడు" అన్నాను. "మీ అన్నయ్య ఎక్కడ?" అన్నాడు. "వస్తాడు" అన్నాను.

చెల్లాయి

*

ఆగస్టు 12, మంగళవారం.
పొద్దున ముసురు, మధ్యాహ్నం తెరిపి. సెలవు పెట్టాను. పదకొండేళ్ళలో జ్వరం కాక ఇదే మొదటి సెలవు.

చెల్లాయికి,

మూట జూలై మూడున అందింది. దరఖాస్తు పదకొండున ఇచ్చాను. ఇవాళ పిలిచారు.

పెద్ద హాలు, ప్లాస్టిక్ కుర్చీలు, గోడకి నంబర్లు వెలిగే పెట్టె. టీచరమ్మ తోడు వచ్చింది. అధికారిణి నా వయసుదే. మూట విప్పి మొదటి గుడ్డ ఎత్తి పట్టుకుంది. అది చొక్కా చెయ్యి.

"ఇదేమిటండీ, బట్టలా, సాక్ష్యమా?" అంది.

"రెండూనండి" అన్నాను.

ఎందుకు అలా ఉన్నాయో చెప్పాను. చెప్పడం నాకు రాదు, టీచరమ్మ మధ్యలో అందుకుంది. ఆ అధికారిణి విని, లోపలికి వెళ్ళి ఒక పెద్ద రిజిస్టరు తెచ్చింది. ఈ ఊరి వాతావరణ కచేరీ రిజిస్టరు అది. ఏ రోజు ఎండ, ఏ రోజు వాన, అన్నీ అందులో ఉంటాయి. కళ్ళు మూసుకుని మన మూటలోంచి ఒక్కో పేజీ లాగి తేదీ చూడటం, రిజిస్టరులో వెతకడం. "మబ్బు" అని నేను రాసిన చోట మబ్బే. వడగళ్ళు రాసిన చోట వడగళ్ళే. పన్నెండు చూసింది. ఒక చోట నేను వాన అని రాశాను, రిజిస్టరులో లేదు. ఆమె పక్క కాలమ్ చూసి, "సాయంత్రం అయిదు తర్వాత జల్లు" అంది.

చివరికి జూన్ పదకొండు పేజీ. అడగకుండానే ఇచ్చాను. మొదటి సగం చదివి నా వంక చూసింది. కుట్టు దాటి కాలరు ముక్క చదివింది. రిజిస్టరు తిప్పింది. "సాయంత్రం ఆరున్నరకి ఊళ్ళో గాలి దుమారం, రేకులు లేచిపోయినట్టు ఫిర్యాదులు" అని పైకే చదివింది. గేటు నుంచి ఇక్కడికి బస్సు ఎంతసేపని పక్క గుమాస్తాని అడిగింది. అయిదు గంటలన్నాడు. వేళ్ళ మీద లెక్క వేసుకుంది. ఏదో రాసుకుంది.

రెండు నెలల్లో పోస్టులో తెలుపుతామంది. ఇంకేమీ చెప్పలేదు. లేచేటప్పుడు మాత్రం ఆ పేజీ అంచు వేలితో తడిమి, "కుట్టు చాలా సన్నగా ఉంది" అంది. మా చెల్లెలి తోటికోడలు వేసిందని చెప్పాను.

నువ్వు నవ్విన "ఎండ, మూడు కాటాలు" అనే పేజీ కూడా చూసింది. ఆ రోజు ఎండే.

నీ అన్న

*

ఆగస్టు 29

అన్నయ్యకి,

నీ ఉత్తరం వాకిట్లో నిలబడి చదివాను, రేకుకి ఇటూ అటూ ఇద్దరూ వినేలా. "సన్నగా ఉంది" అన్న చోట ఆమె రెండోసారి చదివించుకుంది. సాయంత్రానికి రేకులో రెండు తీసేసి దారి చేసింది. మిగతావి గాలి ఆపుతాయట, ఉండనీమంది.

ఇక్కడ గేటు దగ్గర కొత్త ఇనుప స్తంభాలు దించుతున్నారు. చూసొచ్చినవాళ్ళు భయంగా చెప్తున్నారు. నాకైతే ఈసారి భయం వెయ్యలేదు. స్తంభాలతోపాటు కార్డు చూసే గదులు కూడా కడుతున్నారట, వరసగా ఆరు. ఆరు గదులు కట్టారంటే ఎవరో ఒకరు రావాలనే కదా.

పెళ్ళికి నీకు చొక్కా కుట్టాలని బట్ట కొని పెట్టాను. లేత నీలం. కోపంలో కూడా అది కత్తిరించలేదు, ట్రంకులో అలాగే ఉంది. కొలతలు రాసి పంపకు. గేటు దగ్గరే తీసుకుంటాను, మెడలో టేపు వేసుకునే వస్తాను. చిట్టి అడుగుతోంది, మావయ్య ఎన్ని కిలోలుంటాడని.

చెల్లాయి

*

అక్టోబరు 24, శుక్రవారం.
ఎండ. కాటాలు చూడలేదు.

చెల్లాయికి,

కార్డు వచ్చింది. ఫోటోలో నేను దొంగలా ఉన్నాను. నవంబరు 8 శనివారం పొద్దున గేటు దగ్గరుంటాను. యజమాని పది రోజులు ఇచ్చాడు. "తిరిగొస్తావుగా?" అని మూడుసార్లు అడిగాడు.

నిన్న బావగారి ఫోనుకి ఒక కాలు వచ్చి ఆగిపోయి ఉంటుంది. అది నేనే. నీ గొంతు వినిపించేసరికి ఏం చెప్పాలో తెలియక పెట్టేశాను.

అరవై రెండు కిలోలని చిట్టికి చెప్పు.

నీ అన్న

*

నవంబరు 8, శనివారం.
మంచు. ఎనిమిదిన్నరకి విడిపోయింది, ఇప్పుడు ఎండ.

చెల్లాయికి,

ఇది పోస్టులో వెయ్యను. లైనులో నిలబడి రాస్తున్నాను, చేతికే ఇస్తాను. కార్బన్ పెట్టాను.

తెల్లవారుజామున బస్సు. తొమ్మిదికి గేటు దగ్గర దిగాను. కొత్త గేటు పాతదానికి మూడింతలు ఎత్తు, చూస్తే మెడ నొప్పెడుతుంది. లైనులో నా ముందు తొమ్మిది మంది. ఒకామె కార్డు చేత్తో పట్టుకుంటే తడుస్తుందేమోనని కొంగున ముడి వేసుకుంది. నాది చొక్కా జేబులో ఉంది, ఇందాకటి నుంచి ఏడుసార్లు తడుముకున్నాను. కొందరిని పక్కన బెంచీ మీద కూర్చోబెట్టారు. వాళ్ళ కాగితాలు ఇంకా తేలలేదట. అందులో ఒక కుర్రాడి చేతిలో లావుపాటి కవరు ఉంది. టీచరమ్మ బల్ల ఎక్కడుందో అతనికి రాసి ఇచ్చాను.

సామాను తూచే కాటా ఇక్కడ కొత్తది. ముల్లు సున్నాకి ఇటు నిలబడి ఉంది. గార్డుతో చెప్పాను. "నీకెందుకయ్యా?" అన్నాడు. తర్వాత, "బాగుచెయ్యడం వచ్చా?" అన్నాడు. కింద మర తిప్పితే చాలు, అరనిమిషం పని.

ఇప్పుడు నా ముందు ఇద్దరే.

కంచె అవతల జనం నిలబడి ఉన్నారు. ముందు వరసలో ఒకావిడ మెడలో పసుప్పచ్చ టేపు ఉంది. పక్కన లేత నీలం గౌను వేసుకున్న పిల్ల, పళ్ళ సందులోంచి ఈల. ఆ నీలం బట్టలో నా చొక్కాకి ఏమైనా మిగిల్చావా? వెనకాల ఒకావిడ మడత కుర్చీ ఒకటి చంకన పెట్టుకుని వస్తోంది. ఆమె మీ తోటికోడలు అయి ఉండాలి. కుర్చీ విప్పి ముందు వరసలో వేసింది, ఎవరినీ కూర్చోనివ్వడం లేదు.

నా వంతు వచ్చింది.

ఇవాళ్టి పని: